రెండు పైపుల లెక్క

పరగోడు దగ్గర చిత్రావతికి అడ్డంగా కట్టిన బ్యారేజీ నీళ్లే బాగేపల్లికీ గుడిబండకూ తాగునీరు. చిక్కబళ్లాపురం వైపు గుట్టల మీద పడ్డ వాన, పేరున్నవీ లేనివీ బోలెడు వంకల్లో దిగి ఏట్లో కలుస్తుంది. ఆ గుట్టల్లో కొన్నిటిని కంకర కోసం, బండ కోసం తొలిచేశాం. తవ్వకం ఆగాక గుంత చుట్టూ కంచె వేసి, మట్టి దిబ్బ మీద నాలుగు వరసల మొక్కలు నాటితే నేల బాగుపడ్డట్టే లెక్క రాసేస్తారు. నన్నడిగితే మొక్కల దగ్గరకు తర్వాత వెళ్లొచ్చు. ముందు పాత క్వారీ దారి వంకను దాటే చోట నిలబడి చూడాలి.

అక్కడ మామూలుగా కనిపించేవి రెండు హ్యూమ్ పైపులు, వాటి మీద మట్టి. ఒక్కో పైపు వ్యాసం 900 మిల్లీమీటర్లు అనుకుందాం. నిండుగా, సెకనుకు 2 మీటర్ల వేగంతో పారితే ఒక పైపు సెకనుకు 1.27 ఘనపు మీటర్లు పంపుతుంది. రెండూ కలిపి రెండున్నర.

ఇప్పుడు పైన గుట్ట సంగతి. వంకకు నీళ్లిచ్చే నేల 50 హెక్టార్లు, గంటకు 60 మిల్లీమీటర్ల జోరువాన అనుకోండి. పొదలు, గడ్డి, మెత్తటి మట్టి ఉన్న రోజుల్లో పడిన దాంట్లో సుమారు 30 శాతం పారేది. ఇంజినీర్లు వాడే మామూలు సూత్రంలో వేస్తే వంకలో సెకనుకు సరిగ్గా రెండున్నర ఘనపు మీటర్లు. పైపులకు సరిపోయింది. గుట్ట బోడిబండై, లారీలు తొక్కిన నేల గట్టిపడ్డాక పారే వాటా 60 శాతానికి ఎక్కిందనుకుందాం. అదే వానకు సెకనుకు 5 ఘనపు మీటర్లు. ఆ వాన గంటసేపు కురిస్తే దిగే నీళ్లు 5,000 లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే 3,600 ట్యాంకర్లు. ఎండాకాలం ఒక్క ట్యాంకరు కోసం ఫోన్లు చేసే ఊళ్ల మీదుగానే పోతాయి అవి.

అంటే నాలుగు పైపులు కావాలి, ఉన్నవి రెండు. పోనీ ఆ రెండైనా తెరిచి ఉంటాయా అంటే, క్రషర్ డస్టు ఊరుకోదు. తడిసి, ఆరి, సిమెంటులా పేరుకుంటుంది. పైపు సగానికి పూడితే దారి కూడా సగమే. మిగిలిన నీళ్లు రోడ్డు కట్ట ఎక్కి, ఏ పక్క మట్టి మెత్తగా ఉంటే ఆ పక్క గండి కొడతాయి. తెల్లారి చూస్తే పైపులు రెండూ వంక మధ్యలో చెక్కుచెదరకుండా ఉంటాయి, వంక మాత్రం వాటి పక్కనుంచి పోతూ ఉంటుంది.

గండి పడకపోయినా కోత ఆగదు. ఆరు మీటర్ల వెడల్పున పరుచుకుని పారే వంకను రెండు పైపుల్లోకి, అంటే 1.8 మీటర్లలోకి నొక్కితే వేగం పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నీళ్లు దొర్లించగల రాయి బరువు రెట్టింపు కాదు, 64 రెట్లు. అందుకే పైపు దిగువన మడుగు పడుతుంది. మొదటి ఏడు జానెడు, తర్వాత మోకాటి లోతు. ఒకసారి అంచు తెగిందంటే ఆ కోత దిగువకు పోదు, ఎగువకు పాకుతుంది. పైపు కింది మట్టి జారి, దాని మూతి గాలిలో వేలాడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎగువన బురద తేరేందుకు గుంత తవ్వితే మంచిదే, కానీ అందులోంచి వచ్చే తేటనీరు మోసే బరువు లేక అడుగును ఇంకా గట్టిగా గీకుతుంది. గుంత తవ్వినవాళ్లు దాని మరవ కింద రాళ్లు పరవడం మరిచిపోతే పని సగమే అయినట్టు.

ఇదంతా తెలియని విద్యేమీ కాదు. ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, ఓబులాపురానికి అవతల బళ్లారి ఇనుప గనుల్లో సుప్రీంకోర్టు 2011 జులై 29న తవ్వకాలు ఆపించింది. తర్వాత పక్క జిల్లాలవీ కలిపి 166 లీజులను లెక్కతీసి, ఉల్లంఘనల తీవ్రతను బట్టి ఎ కింద 45, బి కింద 72, సి కింద 49గా విడదీశారు. 2013 ఏప్రిల్ 18 తీర్పుతో సి లీజులు రద్దయ్యాయి. మిగిలినవి తెరుచుకోవాలంటే ముందు నేలను బాగుచేసే ప్రణాళిక ఉండాలన్నారు. ఆ ప్రణాళికల్లో మొక్కలతో పాటు దిబ్బల కింద అడ్డుగోడలు, చుట్టూ కాలువలు, వంకల్లో రాతి కట్టలు, చెక్‌డ్యాములు చేరాయి. అక్కడి నేలను కోసిన నీళ్లు చేరేచోట్లలో తుంగభద్ర ఒకటి. 1953లో 133 టీఎంసీలు పట్టే ఆ జలాశయం 2016 సర్వే నాటికి 105.788కి వచ్చింది. పూడిక అంతా గనులదే అనడం అన్యాయం, పరీవాహకం చాలా పెద్దది. గనుల వాటా లేదనడం కూడా అన్యాయమే. కంకర క్వారీల మీద మాత్రం అంతటి ఆజమాయిషీ ఎవరూ పెట్టలేదు.

మరి ఆ రెండు పైపులను ఏం చేయాలి? ఇంకో రెండు వేయడం కన్నా రోడ్డునే కిందికి దించడం మేలని నా అభిప్రాయం. వంక అడుగు మట్టానికి కాస్త పైన 15 మీటర్ల కాంక్రీటు పలక పరిచి, కింద ఒక పైపు ఉంచి, దిగువ అంచున లోతుగా గోడ దించి, దాని కింద ఇనుప వలలో పెద్ద రాళ్లు కట్టాలి. పలక మీద అడుగెత్తు నీళ్లు పారితే సెకనుకు నాలుగు ఘనపు మీటర్లకు పైనే పోతాయి. కింది పైపుతో కలిపి మన అయిదూ దాటిపోతాయి. కట్టే లేదు కనుక గండికి చోటు లేదు. ఆ కాసేపు దాటకూడదు, అంతే. ఇంత చిన్న వంక వాన వెలిశాక తొందరగానే తగ్గుతుంది. పెద్ద ఏరు అలా కాదు. 2021 నవంబరులో ఇదే చిత్రావతిలో, దిగువన అప్పటి అనంతపురం జిల్లాలో, జేసీబీ మీద చిక్కుకున్న 10 మందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి తీసుకుపోయింది.

పైన వంకలో రాతి కట్టలు వేస్తే ఎంత దూరానికొకటి? పై కట్ట మొదలు, కింది కట్ట తల ఒకే మట్టంలో ఉండాలి. 100 మీటర్లకు 5 మీటర్లు దిగే వంకలో మీటరు ఎత్తు కట్టలైతే 20 మీటర్లకొకటి. నడుమ కాస్త పల్లం ఉంచాలి, లేకపోతే నీళ్లు ఒడ్డును కోసి పక్కనుంచి పోతాయి. 40 మీటర్లకొకటి వేసి డబ్బు మిగిల్చామంటే, రెంటి నడుమ నేల మళ్లీ కోసుకుపోయి పై కట్ట బోర్లా పడుతుంది.

మా వైపు పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో. జూన్ జల్లులకే పైపు మూతి కింద కర్ర గుచ్చి చూస్తే లోతు తెలుస్తుంది. రాళ్లు పరవడానికి అప్పుడింకా రెండు నెలల పైనే ఉంటాయి.