లినక్సును దించుకొని స్థాపన డిస్కును తయారుచేయు విధము

కంప్యూటరు పాతబడినంతమాత్రమున పనికిరానిదగునా యని మా విద్యార్థుల తలిదండ్రులు పలువురు మమ్ము నడుగుచున్నారు. 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10నకు సాధారణముగా నిచ్చు రక్షణ సవరణలను నిలిపివేసినది. దాని తరువాతిదైన విండోస్ 11 పెక్కు పాతయంత్రములపై నెక్కదు. మన జిల్లాలో బిడ్డ చదువుకొఱకు ఒక సెకండుహేండు యంత్రమును కొనుటకే రైతుకుటుంబములును, మత్స్యకార కుటుంబములును ఎన్నియో నెలలు కూడబెట్టవలసి యుండును. అట్టి యంత్రమును మూలకు నెట్టకుండ వాడుకొను మార్గమొకటి కలదు. దానినే యిచట వివరింతుము.

యంత్రమునందలి భాగములన్నిటిని నడపు మూలకార్యక్రమమునకు ఆపరేటింగు సిస్టమని పేరు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను నతడు, ఎల్లరును స్వేచ్ఛగా వాడుకొని, పరిశీలించి, మార్చి, పంచుకొనదగిన సిస్టము నిర్మింప బూని దానికి గ్నూ అని పేరిడెను. 1991లో ఫిన్లాండు దేశమునందు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను కెర్నెలును లోకమునకు వెల్లడించెను. ఈ రెంటిని ఇతర కార్యక్రమములతో గూర్చి పంచిపెట్టు సంపుటమునకే డిస్ట్రిబ్యూషనని పేరు. డెబియన్, ఉబుంటు, లినక్స్ మింట్ అనునవి వానిలో ప్రసిద్ధములు. మన దేశమున సీడాక్ సంస్థ డెబియన్ ఆధారముగా బాస్ అను దానిని తయారుచేసినది. హైదరాబాదునందలి స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో నడచు లినక్సు కొఱకు కృషి చేసినది. డెబియన్ స్థాపకమందలి భాషల పట్టికలో తెలుగును గలదు.

ఉబుంటువారు 2011 వరకు డిస్కులను తపాలాద్వారా ఉచితముగా బంపుచుండిరి. అట్టిది మాకు నొకటి చేరినప్పుడు కలిగిన సంతోషమును నేటికిని మఱువలేదు. ఇప్పుడు ఎవరి డిస్కును వారే తయారు చేసికొనవలెను.

మొదటి పని, యంత్రము నెఱుగుట. అది 64 బిట్ల యంత్రమా యని ముందుగా జూడుడు. ఉబుంటుగాని, 2025లో వెలువడిన డెబియన్ 13 గాని 32 బిట్ల యంత్రములకు స్థాపకము నిచ్చుటలేదు.

రెండవ పని, దించుకొనుట. డిస్ట్రిబ్యూషను వారి సొంత వెబ్‌సైటునుండియే దించుకొనవలెను. ఎవరో పంపిన లింకును నమ్మరాదు. దొరకునది ఐ.ఎస్.ఓ. అను ఒకే పెద్ద ఫైలు. ఉబుంటు ఫైలు డీవీడీ పరిమాణమైన 4.7 గిగాబైట్లను మించినది గావున దానికి 8 గిగాబైట్ల పెన్‌డ్రైవు కావలెను. లినక్స్ మింట్ డీవీడీలో పట్టును. డెబియన్ చిన్న స్థాపకము ఒక గిగాబైటు లోపలనే యుండును గాని, మిగిలినదానిని స్థాపించుచున్నప్పుడు ఇంటర్నెట్టునుండి తెచ్చుకొనును. మన పల్లెలలో లైను నడుమ నడుమ తెగుచుండును గదా! అట్టిచోట టొరెంటు పద్ధతి మేలు. అది ఫైలును చిన్న తునకలుగా దెచ్చి, ఆగినచోటునుండి మరల సాగించును.

మూడవ పని, సరిచూచుట. తూకములో తేడా వచ్చిన బస్తాను కోమటి మరల తూచినట్లు, దించిన ఫైలును మనమును తూచి చూడవలెను. వెబ్‌సైటులో షా-256 అను పేర 64 అక్షరముల మొత్తమొకటి ఇచ్చియుందురు. మన ఫైలునుండి లెక్కించిన మొత్తము దానితో అక్షరమక్షరము సరిపోవలెను. ఒక్క అక్షరము భేదించినను ఆ ఫైలు చెడినదే, మరల దించుకొనుడు.

నాలుగవ పని, డిస్కునకు వ్రాయుట. ఇచటనే పెక్కురు పొరపడుదురు, మేమును పొరపడితిమి. ఫైలును మామూలు పాటవలె డిస్కులోనికి నకలు చేసితిమి. యంత్రము దానిని లెక్కచేయలేదు. ఐ.ఎస్.ఓ. యనునది పూర్తి డిస్కుయొక్క ప్రతిబింబము. దానిని విప్పి డిస్కుపై పఱచవలెను. విండోస్‌లో ఫైలుపై కుడిమీట నొక్కినచో డిస్కు ఇమేజిని బర్న్ చేయుమను మాట కనబడును. వ్రాసిన పిదప సరిచూడుమను గడిని ఎన్నుకొనుడు. పెన్‌డ్రైవునకైనచో రూఫస్ వంటి కార్యక్రమము కావలెను. పెన్‌డ్రైవులో ముందున్నదంతయు తుడిచిపోవునని మఱువకుడు.

అయిదవ పని, మొదలిడుట. యంత్రము లేచుచుండగా ఎఫ్12 గాని, ఆ యంత్రమునకు తగిన వేఱొక మీటగాని నొక్కి, డిస్కునుండి లేపవలెను. ఉబుంటు, మింట్ మొదలగునవి స్థాపింపకయే నడచును. తెర, శబ్దము, వైఫై పనిచేయుచున్నవో లేవో ముందుగా జూచుకొనవచ్చును.

ఇచట మా తప్పిద మొకటి చెప్పక తప్పదు. కొన్ని యేండ్ల క్రిందట ఒక పూర్వవిద్యార్థి తన తండ్రిగారి యంత్రమును మాయొద్దకు దెచ్చెను. ఆయన పలాసలో జీడిపప్పు వర్తకులు. మేము తొందరపడి, డిస్కునంతయు తుడిచి స్థాపింపుమను దానిని ఎన్నుకొంటిమి. లినక్సు చక్కగా నెక్కినది. ఆయన మూడేండ్ల లెక్కలు మాత్రము పోయినవి. ఆ పెద్దమనిషి మమ్ము నొక్క మాటయు ననలేదు. కాగితపు బిల్లులను సంచిలో దెచ్చి మా బల్లపై నుంచి, "మాస్టరుగారూ, వీటితో మళ్లీ రాసుకుందాం లెండి" అనిరి. వారితో గూర్చుండి నాలుగు ఆదివారముల సాయంకాలములు ఆ లెక్కలను మరల వ్రాసితిమి. నాటినుండి యంత్రముగలవారు తమ ఫైళ్లను వేఱొక డ్రైవులోనికి నకలు తీసి, దానిని తెఱచి చూపినగాని మేము డిస్కు పెట్టము.

కడపట నొక మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు కూలుటయేగాక, విద్యుత్తును ఫోనులును దినములకొలది నిలిచిపోయినవి. అట్టి సమయమున దించుకొనుట ఎట్లు? కావున సరిచూచిన డిస్కు నొకదానిని ముందే వ్రాసి, పేరును తేదీని పైన గుర్తించి, చెమ్మ తగులని చోట దాచుడు. పొరుగువారడిగిన నకలు తీసి యిండు. అది దొంగతనము కాదు, దాని లైసెన్సు అనుమతించినదే. విద్యార్థులారా, ఇతరుల యంత్రముపై చేయి వేయుటకు ముందు వారి శ్రమ అందు దాగియున్నదని తలచుడు.