బండికి వచ్చిపోయే జబ్బు

తెల్లవారుజామున పాలకేంద్రానికి పాలు చేర్చాలి. బండికి తాళం పెట్టి సెల్ఫు మీట నొక్కితే చప్పుడు లేదు. లైటు వెలగదు. హారన్ మోగదు. అరగంట తంటాలు పడ్డాక అదే బండి దానంతట అదే స్టార్టవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ ఏ లోపమూ కనబడదు. "బాగానే ఉంది గదమ్మా" అంటాడు. ఎందుకైనా మంచిదని కొత్త బ్యాటరీ వేయిస్తారు. వెయ్యి రూపాయల పైమాటే. నాలుగు రోజులకు మళ్లీ అదే తంతు. ఈలోగా పాలు విరిగిపోతే ఆ నష్టం ఎవరిది?

పూర్తిగా చెడిపోయిన దాన్ని పట్టుకోవడం తేలిక. వచ్చిపోయే జబ్బును పట్టుకోవడమే కష్టం. పూర్తిగా కాలిపోయిన సామాను మళ్లీ దానంతట అది పనిచేయదు. ఆగి, మళ్లీ పనిచేస్తోందంటే లోపం చాలాసార్లు అతుకులోనే ఉంటుంది.

అతుకు అంటే ఏమిటి? కరెంటు బ్యాటరీలో బయలుదేరుతుంది. ఫ్యూజు, తాళం, మీటల మీదుగా లైటుకో హారన్‌కో చేరుతుంది. పని చేసి మళ్లీ బ్యాటరీకి తిరిగి రావాలి. చాలా బళ్లలో బండి ఇనుప చట్రమే ఈ తిరుగు దారి. దీన్నే మెకానిక్కులు ఎర్తు అంటారు. ఈ దారిలో వైరు వైరును కలిసే ప్రతి చోటూ ఒక అతుకే. టార్చిలైటు మూత వదులైతే ఏమవుతుంది? తడితే వెలుగుతుంది, ఊపితే ఆరిపోతుంది. బండిలోనూ అంతే. గతుకుల రోడ్డు మీద బండి రోజంతా ఊగుతూనే ఉంటుంది కదా!

మొదట చూడాల్సింది బ్యాటరీ కొసలు. అక్కడ వైరును బిగించే స్క్రూలు వదులవుతాయి. తెల్లటి పొడి పేరుకుంటుంది. వైర్లు ఊడదీయాలంటే తాళం తీసేసి, ముందు మైనస్ వైరు తీయాలి. తర్వాత ప్లస్ వైరు. కొసలను శుభ్రంగా తుడిచి, తిరిగి బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఆ పొడి చేతికి, కంటికి తగలకూడదు. మైనస్ వైరు రెండో కొస చట్రానికి బిగించి ఉంటుంది. అక్కడ తుప్పు పట్టినా ఇదే గొడవ. పాపం, ఆ చోటు ఎవరికీ గుర్తు రాదు.

తర్వాతది హ్యాండిల్ మెడ. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ అక్కడి వైర్లు వంగుతాయి. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి తీగ తెగుతుంది. పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. చూపుకు దొరకదు, చేతికే దొరుకుతుంది. బండిని నడిమి స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఆరుబయట ఇంజను ఆడించాలి. హ్యాండిల్‌ను మెల్లగా ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాలి. ఎక్కడ ఇంజను ఆగిందో, లైటు మినుకుమందో అక్కడే జబ్బు. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైరును మాత్రం ముట్టుకోకూడదు. గట్టిగా షాకు కొడుతుంది.

ఏది ఆగిందన్నదీ ఒక గుర్తే. అన్నీ ఒకేసారి ఆగితే బ్యాటరీ కొసలు, ఫ్యూజు, తాళం చూడాలి. హారన్ ఒక్కటే ఆగితే ఆ ఒక్క వైరునే వెతకాలి. మీట నొక్కితే టిక్కుమని ఊరుకుంటే బ్యాటరీ నీరసించి ఉండవచ్చు, కొసలు వదులై ఉండవచ్చు. వాన రోజునే మొరాయిస్తే ప్లగ్గు మూతలోకి, వైర్ల అతుకుల్లోకి నీళ్లు దిగుతున్నాయేమో చూడాలి. ఇత్తడి చెంబుకు పట్టినట్టే రాగి కొసలకూ పచ్చటి చిలుం పడుతుంది. ఎలుకలు వైర్లు కొరకడం కూడా పల్లెల్లో మామూలే. బాగా వేడెక్కాక ఆగి, చల్లారాక నడిస్తే కాయిల్ మీద అనుమానం. అది మెకానిక్ పని.

ఫ్యూజు పదే పదే పోతుంటే ఎక్కడో వైరు ఒరుసుకుపోయి ఇనుముకు తగులుతోందని అర్థం. అప్పుడు కొందరు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి పని కానిస్తారు. ఇది చాలా ప్రమాదం. కాలిపోవాల్సిన ఫ్యూజు కాలకపోతే వైర్లే కాలతాయి. పైన ఉన్నది పెట్రోలు ట్యాంకు.

పాత బళ్లు చాలావరకు బ్యాటరీ నీరసించినా కిక్కు కొడితే నడిచేవి. 2020 ఏప్రిల్ తర్వాత అమ్మిన బళ్లలో చాలావాటికి ఇంజనుకు పెట్రోలు అందడానికీ కరెంటే కావాలి. అందుకే చిన్న అతుకు వదులైనా బండి మొత్తం ఆగిపోతుంది.

బండి ఆగినప్పుడల్లా ఒక కాగితం మీద రెండు ముక్కలు రాయాలి. "మంగళవారం. వాన లేదు. సంత దగ్గర మలుపు తిప్పితే ఆగింది. లైటు కూడా పోయింది." "శుక్రవారం. ఇంటి ముందు హ్యాండిల్ తిప్పితే ఆగింది." ఇలా నాలుగు చేరేసరికి అన్నింటిలో ఒకే మాట కనబడుతుంది. ఆ కాగితం చూపించి, "తమ్ముడూ, బ్యాటరీ మార్చే ముందు మెడ దగ్గర వైర్లు చూడు" అని అడగవచ్చు. మీటరు పెట్టి చూపించమనీ అడగాలి. ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తుంటే 14 దరిదాపుల్లో ఉండాలి. ఈ రెండూ సరిగా ఉంటే బ్యాటరీ మార్చాల్సిన పని సాధారణంగా ఉండదు.

తెగిన వైరును మెలిపెట్టి టేపు చుడితే నాలుగు నాళ్లకే ఊడుతుంది. సీసంతో అతికించి తొడుగు వేయించాలి. డబ్బులు ఇచ్చే ముందు ఇంజను ఆడుతుండగా హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూపించమనాలి.