ఆ హెచ్ ఎక్కడికి పోయింది?

హైదరాబాదులో మెట్రో రైలెక్కి రాయదుర్గం వైపు పోతూవుంటే, ఆఖరి స్టేషనుకు ముందు హైటెక్ సిటీ స్టేషను వస్తుంది. ఈసారి అటు వెళ్ళినప్పుడు బోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదవండి: హెచ్, ఐ, టీ, ఈ, సీ. అంతే! కాని ఇంగ్లీషు నిఘంటువులో హైటెక్ అనే మాట చూస్తే, సీ తరవాత చివర ఇంకొక హెచ్ కనబడుతుంది. మరి బోర్డు రాసినవాడు ఆ అక్షరం మరిచిపోయాడా? రేపు మీ క్లాసు డిక్టేషనులో ఈ మాట వస్తే చివర హెచ్ పెడతారా, మానేస్తారా? పెట్టినా మార్కు పోవచ్చు, మానినా పోవచ్చు! అందుచేత సంగతేమిటో ముందే తెలుసుకుందాం.

నిజానికి బోర్డూ తప్పు కాదు, నిఘంటువూ తప్పు కాదు. అవి వేరువేరు మాటలు.

హైటెక్ సిటీకి ఒక పొడుగాటి పేరున్నది: హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సిటీ. ఇంత పేరు ఎవరు పలుకుతారు? అందుకని హైదరాబాద్ నుంచి హెచ్, ఇన్ఫర్మేషన్ నుంచి ఐ, టెక్నాలజీ నుంచి టీ, ఇంజనీరింగ్ నుంచి ఈ, కన్సల్టెన్సీ నుంచి సీ తీసుకున్నారు. అయిదు మాటలూ తలా ఒక అక్షరం చందా వేసుకున్నాయన్నమాట! చివర హెచ్ ఇచ్చే మాట లేదు కనక, ఆ అక్షరమూ లేదు. ఇలా మొదటి అక్షరాలు పోగుచేసి కట్టిన మాటను ఆక్రొనిం అంటారు. రాడార్, లేజర్ అనే మాటలు కూడా ఇలా పుట్టినవే. మాదాపూరులో ఈ హైటెక్ సిటీకి మొదటి భవనమైన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు.

ఇక రెండవ హైటెక్ సంగతి. దీనిలోని టెక్ అనేది టెక్నాలజీకి పొట్టిరూపం. టీ, ఈ, సీ, హెచ్ అనే నాలుగు అక్షరాలు. పలకని ఆ హెచ్ అక్కడ ఎందుకున్నట్టు? గ్రీకు భాషలో "టెఖ్నే" అంటే పనితనం, నేర్పు అని అర్థం. ఆ ప్రాచీన గ్రీకు మాటలోని ధ్వని మన ఖ వంటిది. రోమనుల లిపిలో ఖ లేదు. అందువల్ల వాళ్ళు సీ పక్కన హెచ్ చేర్చి పని గడుపుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు ఆ రాతను అట్లాగే ఉంచుకుని, నోటితో మటుకు క అన్నారు. మనకు ఒక్క అక్షరంతో పోయేదానికి వాళ్ళకు రెండు కావలసివచ్చాయి!

ఈ నాలుగు అక్షరాల కుటుంబం పెద్దదే:

టెక్నిక్: పని చేసే పద్ధతి, ఒడుపు.
టెక్నీషియన్: యంత్రాల పనిలో నేర్పు గలవాడు.
టెక్నాలజీ: శాస్త్రజ్ఞానాన్ని పనులకు ఉపయోగించే విద్య.
పాలిటెక్నిక్: "పాలీ" అంటే అనేకం, అనేక వృత్తివిద్యలు నేర్పే సంస్థ.

ఆర్కిటెక్ట్ కూడా వీటికి చుట్టమే. గ్రీకులో "టెక్టోన్" అంటే వడ్రంగి. "ఆర్ఖి" అంటే ప్రధానమైన. ఆ లెక్కన హైటెక్ సిటీలోని అద్దాల మేడలకు నమూనా గీసిన ఆర్కిటెక్టు, మాట ప్రకారం పెద్ద వడ్రంగి! మరొక విశేషం చూడండి. సంస్కృతంలో వడ్రంగిని "తక్షుడు" అంటారు. టెక్టోన్, తక్షుడు ఒకే తల్లివేరు నుంచి వచ్చిన అన్నదమ్ములని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. చూశారా, బెదిరించే ఇంగ్లీషు మాట మనకు దూరపు చుట్టమని తేలింది!

సీ-హెచ్‌ను క అని పలికే మాటలు ఇంకా ఉన్నాయి. ఎకో అంటే ప్రతిధ్వని, కోరస్ అంటే బృందగానం. స్కూలు అనే మాటకు గ్రీకులో మొదటి అర్థం ఏమిటో తెలుసునా? తీరిక! తీరిక వేళ పండితులు కూడి చర్చించుకోవటం, ఆపైన ఆ చర్చ జరిగే చోటు అని అర్థం మారుతూ వచ్చింది.

అయితే అక్షరాలు కలిసినంత మాత్రాన అన్నీ చుట్టాలు కావు. చైర్, చైల్డ్ అనే మాటల్లో అదే సీ-హెచ్ చ అని పలుకుతుంది. హెడేక్ చివరి "ఏక్" అంటే నొప్పి. అది అసలు ఇంగ్లీషు మాటే. పూర్వం దాన్ని కే అక్షరంతో రాసేవారు. గ్రీకు మాటేమోనని పొరబడి సీ-హెచ్ తగిలించారు. పొరపాటు కూడా పాతబడితే స్పెల్లింగు అవుతుందన్నమాట!

సైబర్ టవర్స్, సైబరాబాద్ అనే పేర్లలోని సైబర్‌కూ ఒక కథ ఉన్నది. గ్రీకులో "కుబెర్నేటేస్" అంటే చుక్కాని పట్టి ఓడ నడిపేవాడు. అమెరికా గణితశాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ ఆ మాట నుంచే 1948లో సైబర్నెటిక్స్ అనే శాస్త్రానికి పేరు పెట్టాడు. యంత్రాలలోనూ జీవులలోనూ అదుపు, సమాచారం ఎలా నడుస్తాయో చెప్పే శాస్త్రమది. ఆ గ్రీకు మాటే లాటినులో క పోయి గ వచ్చి, గవర్నర్, గవర్నమెంట్ అనే మాటలయింది. "ఆబాద్" పారశీకం; జనం నివసించే చోటని అర్థం. కనక సైబరాబాద్ అనే ఒక్క పేరులో గ్రీసూ పర్షియా పక్కపక్కనే కూర్చున్నాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇరవై మాటలు బట్టీపట్టిన పిల్లవాడు పరీక్ష కాగానే వాటిని మరిచిపోవచ్చు. ఒక కుటుంబాన్ని గుర్తుపట్టినవాడు రేపు కొత్త మాట ఎదురైనా దాని ముఖం పోల్చుకోగలడు.

పిల్లలూ, ఒక నోటుబుక్కులో కుటుంబానికొక పేజీ కేటాయించి, దారిలో కనబడే మాటలు రాసుకోండి. ఇక డిక్టేషను మాట. మాస్టారు "హైటెక్" అనగానే కంగారుపడకండి. "మాస్టారూ, హైటెక్ సిటీ పేరా, టెక్నాలజీ మాటా?" అని అడగండి. సిటీ పేరైతే చివర హెచ్ వద్దు, టెక్నాలజీ మాటైతే కావాలి. కారణం తెలిసి రాసినవాడికి మార్కు ఎలా పోతుంది?