మందులకు లొంగని డిప్రెషన్.. ఐదు రోజుల చికిత్స! అసలేంటీ 'సెయింట్'?

డిప్రెషన్‌కు మందులు వాడుతున్నా కొందరిలో గుణం కనిపించదు. అలాంటి వారి కోసమే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వర్సిటీ పరిశోధకులు 'సెయింట్' అనే చికిత్సను రూపొందించారు. కరెంట్ షాక్ అనుకునేరు.. అది కాదు! మత్తు ఇవ్వరు, మనిషి మెలకువగానే ఉంటాడు. తలకు ఆనించిన కాయిల్ నుంచి వచ్చే అయస్కాంత శక్తి మెదడు ముందుభాగంలోని నాడీకణాలను ఉత్తేజపరుస్తుంది.

టీఎంఎస్ అనే ఈ పద్ధతి కొత్తదేం కాదు. అక్కడి ఎఫ్‌డీఏ 2008లోనే ఓకే చెప్పింది. కాకపోతే రోజుకో సిట్టింగ్ చొప్పున ఆరు వారాలు తిరగాలి. చనిపోవాలన్న ఆలోచనలతో నలిగిపోతున్న వారికి అంత టైమ్ ఎక్కడిది? అందుకే సెయింట్‌లో రోజుకు 10 సార్లు, ఒక్కోసారి 10 నిమిషాల చొప్పున ఇచ్చి ఐదు రోజుల్లో ముగిస్తారు. కాయిల్ ఎక్కడ పెట్టాలో ముందే ఎమ్మారై తీసి, ఒక్కొక్కరికి విడిగా గుర్తిస్తారు.

2021లో వెలువడిన ట్రయల్‌ ఫలితాల్లో, అసలు చికిత్స అందిన 14 మందిలో 11 మందికి నాలుగు వారాల్లోపే డిప్రెషన్ లక్షణాలు దాదాపుగా పోయాయి. ఉత్తుత్తి చికిత్స ఇచ్చిన 15 మందిలో ఇద్దరికే అలా జరిగింది. తలనొప్పి, నీరసం లాంటివి కనిపించాయి. 2022లో ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది. అయితే 29 మందితో చేసిన ట్రయల్ చిన్నదేనన్నది మర్చిపోకూడదు.

ఇది చదివి వాడుతున్న మందులు సొంతంగా ఆపేయొద్దు. మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416కు ఏ టైమ్‌లోనైనా ఉచితంగా కాల్ చేయొచ్చు.