లాంచీ యంత్రము వేడెక్కినప్పుడు

నదిలో పోవు లాంచీకి అడుగున నీరు, ఇరుప్రక్కల నీరు. అట్టి లాంచీలోని యంత్రము నీరందక వేడెక్కుట వింతగా తోచవచ్చును. కాని యది అరుదైన సంగతి కాదు. గోదావరిపై నేనొకమారు దానిని కన్నులార చూచితిని.

సుమారు నలుబది ఏండ్ల క్రిందట, ఆశ్వయుజ మాసమున, పండ్రెండుమంది విద్యార్థులను వెంటబెట్టుకొని పాపికొండలు చూడ బయలుదేరితిని. వానలు వెనుకపట్టినను నది యింకను నిండుగనే యుండెను. దేవీపట్నము దాటి కొండలు దగ్గరపడిన కొలది నది యిరుకై ప్రవాహవేగము హెచ్చెను. లాంచీ ప్రయాసతో ఎదురెక్కుచుండెను. ఇంతలో రబ్బరు కాలిన వాసన వచ్చెను. వేడిని చూపు గడియారములోని ముల్లు ఎఱ్ఱగీతను సమీపించెను.

ఆ వేడి యెక్కడిది? లాంచీలలో నుండునవి సామాన్యముగా డీజిల్ యంత్రములు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో జయప్రదముగా నడపి చూపిన యంత్రము, నూనెలోని శక్తిలో నాల్గవవంతును మాత్రమే పనిగా మార్చగలిగెను. ఆనాటికి అదియే గొప్ప. నేటి యంత్రములు మూడవవంతును, కొన్ని అంతకు మించియు పనిగా మార్చును. మిగిలిన వేడిలో కొంత పొగతో వెలికి పోవును. కొంత ఇనుములోనికి ఎక్కును. యంత్రగర్భమున మండు వాయువుల వేడి 1500 డిగ్రీల సెంటిగ్రేడును మించును. పోత ఇనుము సుమారు 1200 డిగ్రీల వద్దనే కరగును! తన్ను కరగింపగల మంటను తనలోనే దాచుకొనియు యంత్రము నిలిచియుండుటకు కారణము, ఇనుపగోడల వెనుక ఎడతెగక పాఱు నీరే. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయు ఉష్ణము సుమారు తొమ్మిది గ్రాముల ఇనుమును అంతే వేడిచేయగలదు. కావున వేడిని మోసికొనిపోవుటలో నీటికి సాటి వచ్చునవి అరుదు.

మా లాంచీలో నీటికి రెండు త్రోవలుండెను. యంత్రము లోపల తిరుగునది మంచినీరు. అది మూతవేసిన తొట్టిలోనిది. దానిని చల్లార్చునది నదినీరు. పడవ అడుగునగల రంధ్రము గుండ ఒక పంపు నదినీటిని పీల్చి, జల్లెడలో వడగట్టి, సన్నని గొట్టముల గుండ నడపి, ప్రక్కనున్న గొట్టము నుండి మరల నదిలోనికి వదలును. అనుభవము గల సరంగు ముల్లును చూచుటకు ముందే ఆ ప్రక్క గొట్టమును చూచును. నాడు దానినుండి దారము వంటి ధార మాత్రమే పడుచుండెను.

సరంగు వేగము తగ్గించెనే గాని యంత్రము నాపలేదు. నేను కంగారుపడి, “ఆపవేమయ్యా?” అంటిని.

“ఇక్కడ ఆపితే లాంచీ మన చేతిలో ఉండదు, పంతులుగారూ! దిగువన రాళ్లున్నాయి,” అనెను.

ఆ మాటలోని శాస్త్రము నాకు తరువాత బోధపడినది. చుక్కానికి ఎదురుగా నీరు ఒరసికొని పోయినప్పుడే అది పడవను త్రిప్పగలదు. యంత్రమాగి, పడవ ప్రవాహముతో సమానముగా కొట్టుకొనిపోవునెడల చుక్కాని వట్టి పలక. అయినను యంత్రమును అట్లే నడపుచుండుటయు అపాయమే. లోపల ఆడు ముషలము సాధారణముగా అల్యూమినియముతో చేసినది. వేడికి అది ఇనుముకంటె ఇంచుమించు రెట్టింపు వ్యాకోచించి గోడలకు బిగిసిపోవును. అట్లు ఒక్కమారు పట్టివేసిన యంత్రము ఆ ప్రయాణములో మరల కదలదు. సరంగు ఈ రెండు అపాయములను తూచి చూచి, మెల్లగా ఒడ్డు ప్రక్కనున్న నిలకడ నీటిలోనికి లాంచీని చేర్చి, లంగరు దింపించి, అప్పుడు యంత్రమాపెను. పిల్లలు కిక్కురుమనలేదు. నిజము చెప్పవలెనన్న నేనును అంతే.

అంతట ఒక పడుచు కళాసి గుడ్డ చేతబట్టి నీటి తొట్టి మూత త్రిప్పబోయెను. “చెయ్యి తీయరా!” అని సరంగు గర్జించెను. బిగించిన తొట్టిలో ఒత్తిడి హెచ్చుగా నుండుటచే నీరు నూరు డిగ్రీలు దాటియు మరగక నిలుచును. బయటి వాయువు ఒత్తిడికి రెట్టింపైనచో 120 డిగ్రీల వరకు మరగదు. మూత తెఱచినంతనే ఒత్తిడి పడిపోయి, ఆ నీటిలో కొంత క్షణములో ఆవిరియగును. ఆవిరియైన నీరు తానున్న చోటుకంటె 1600 రెట్లకు పైగా చోటు కోరును. అది తెఱచినవాని ముఖముపైకే ఎగజిమ్మును. కాగిన ఇనుముపై చన్నీరు గ్రుమ్మరించుటయు తగదు, అది పగులవచ్చును.

అరగంట సేపు వేచితిమి. సరంగు అడుగు రంధ్రపు మర మూసి జల్లెడను విప్పెను. దానిలో గుర్రపుడెక్క వేళ్లు, బురద, చినిగిన గోనెపీలిక ఒకటి చిక్కుకొని యుండెను. వానిని తీసి కడిగి, జల్లెడ బిగించి, మర తెఱచెను. పంపులోని రబ్బరు రెక్కలను గూడ విప్పి చూచెను. నీరు లేక తిరిగినచో అవి నిమిషములలో చిరిగిపోవునట. అదృష్టవశమున సన్నని ధార యైనను అందుచుండుటచే అవి చెడలేదు. తొట్టి చేతికి చల్లగా తగిలిన పిమ్మట మూత తీసి, తగ్గిన నీరు పోసెను.

యంత్రము మరల కదలినప్పుడు పండ్రెండుమంది పిల్లలును ఒకే ప్రక్కకు వంగి ఆ గొట్టమునే చూచుచుండిరి. లాంచీ ఒరుగుచున్నదని సరంగు కసరెను. గొట్టము రెండుమారులు గురగురలాడి, బురదనీటిని ఉమిసి, ఆపై మణికట్టు లావు ధారను వదలెను.