పిన్ని ఆవకాయ, ఎనిమిది కార్డులు

పోయిన వేసవిలో మా పిన్ని ఆవకాయ అమ్మడం మొదలుపెట్టింది. ఈసారి ప్లాస్టిక్ డబ్బాలు మానేసి గాజు సీసాలు తెప్పిద్దామనుకుంది. డబ్బు కోసం చేతి గాజులు తాకట్టు పెట్టడానికి కూడా సిద్ధపడింది. "కంప్యూటర్లు చదువుతున్నావు కదరా, సీసాలో పెడితే జనం కొంటారో లేదో కనుక్కో" అంది నాతో.

నేను వెంటనే ఓ గూగుల్ ఫామ్ చేసి హాస్టల్ గ్రూపులో పెట్టాను. నూనె ముఖ్యమా? ప్యాకింగ్ ముఖ్యమా? ధర ముఖ్యమా? దాదాపు అందరూ అన్నిటికీ "చాలా ముఖ్యం" అని టిక్ పెట్టారు! తప్పు వాళ్లది కాదు, నా ప్రశ్నది. ఊరికే అడిగితే ఎవరికైనా అన్నీ కావాలి.

అప్పుడు వెతికితే దొరికింది కాన్‌జాయింట్ ఎనాలిసిస్. దీనికి పునాది 1964లో లూస్, టూకీ రాసిన ఒక గణిత పరిశోధనా పత్రం. 1971లో పాల్ గ్రీన్, విఠల రావు దాన్ని మార్కెటింగ్‌లోకి తెచ్చారు. ఐడియా సింపుల్. ఫీచర్ల గురించి విడివిడిగా అడగొద్దు, మొత్తం వస్తువును చూపించి మార్కులు వేయమనాలి. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాల్సి వచ్చినప్పుడే మనకు ఏది ముఖ్యమో బయటపడుతుంది.

నేను మూడు ఫీచర్లు తీసుకున్నా. పప్పునూనె లేదా పల్లీనూనె, సీసా లేదా డబ్బా, పావుకిలో ₹150 లేదా ₹200. 2×2×2 అంటే 8 కార్డులు. ఒక్కో కార్డుకి పదికి ఎన్ని మార్కులో వేయమని మా రూమ్మేట్‌కి ఇచ్చా.

పప్పునూనె ఉన్న నాలుగు కార్డులకు వాడు వేసినవి 8, 8, 6, 6. సగటు 7. పల్లీనూనె కార్డులకు 5, 5, 4, 2. సగటు 4. రెండు వైపులా సీసాలు, డబ్బాలు, ధరలు సమానంగానే ఉన్నాయి కాబట్టి ఆ 3 మార్కుల తేడా నూనెదే. దీన్నే పార్ట్-వర్త్ అంటారు. ఇలాగే లెక్కేస్తే ₹50 తగ్గింపుకి 2 మార్కులు, గాజు సీసాకి అర మార్కు వచ్చాయి.

ఇప్పుడు అసలు మజా. 2 మార్కులు ₹50 అయితే, ఒక మార్కు ₹25. అంటే వాడి దృష్టిలో పప్పునూనె విలువ ₹75, సీసా విలువ పన్నెండున్నర రూపాయలు. కానీ పిన్నికి డబ్బా కంటే సీసాకి ₹20 ఎక్కువవుతుంది!

ఫీచర్లు పెరిగితే కార్డులు కూడా గుట్టలుగా పెరుగుతాయి. 1975లో గ్రీన్, విండ్ చూపించిన కార్పెట్ క్లీనర్ ఉదాహరణలో మొత్తం 108 కాంబినేషన్లు. ఒక పద్ధతి ప్రకారం ఎంచిన 18 కార్డులతోనే వాళ్లు పని కానిచ్చారు. మారియట్ వాళ్ల కోర్ట్‌యార్డ్ హోటళ్లను డిజైన్ చేసింది కూడా ఈ దారిలోనే.

ఇంకో పదకొండు మందితో చేయించినా, ఎక్కువమందికి సీసా ఆఖరి స్థానంలోనే ఉంది. గొప్పగా పిన్నికి ఫోన్ చేసి చెప్పా. అంతా విని ఒకటే అడిగింది: "నా దగ్గర కొనేది మీ హాస్టల్ పిల్లలేనా?"

నిజమే. ఎవరిని అడిగామో, జవాబు వాళ్లదే. పండక్కి ఇంటికెళ్లినప్పుడు అవే కార్డులు పట్టుకుని పిన్ని వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ప్రతి తలుపూ కొట్టాలి. అప్పటిదాకా గాజులు పిన్ని చేతికే ఉంటాయి.