ల్యాబ్ చదువుకు కొలువులున్నాయి. గుర్తింపు చూసి చేరాలి

ఊళ్ళో ఎవరికైనా నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే డాక్టరు రక్త పరీక్ష రాస్తారు. అది మలేరియానా, డెంగ్యూనా అన్నది తేలేది ల్యాబ్ టెక్నీషియన్ చేతుల మీదుగానే. తెమడలో క్షయ క్రిములున్నాయేమో వెతికేదీ, గర్భిణికి రక్తం సరిపడా ఉందో లేదో చూసేదీ ఈ ఉద్యోగే. అయినా ఇంటర్ బై.పి.సి. పాసైన పల్లె పిల్లల్లో చాలామందికి ఈ చదువు సంగతి తెలియదు.

పరీక్షల అవసరం ఏటేటా పెరుగుతోంది. కేంద్రం 2022లో సవరించిన ప్రమాణాల ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63, జిల్లా ఆస్పత్రిలో 134 రకాల పరీక్షలు అందుబాటులో ఉండాలి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకం 2018లో హైదరాబాదులో మొదలై, 2021లో జిల్లాలకు వచ్చింది. పల్లె ఆస్పత్రిలో తీసిన రక్తం జిల్లా కేంద్రంలోని ల్యాబ్‌కు చేరుతుంది. ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ టెక్నీషియన్లు లేనిదే పని జరగదు.

సర్వీసుకు మార్కులు

తెలంగాణలో 2024 సెప్టెంబరులో 1,284 గ్రేడ్-2 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు ప్రకటన వెలువడింది. వేతన శ్రేణి రూ. 32,810 నుంచి 96,890. మొత్తం 100 మార్కుల్లో రాత పరీక్షకు 80 కేటాయించారు. మిగతా 20 ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిన చేసిన సర్వీసుకు దక్కుతాయి. గిరిజన ప్రాంతాల్లో ఆరు నెలలు చేస్తే 2.5, ఇతర చోట్ల 2 మార్కులు. అంటే తక్కువ జీతానికి చేసిన కాంట్రాక్టు పని కూడా వృథా పోదన్నమాట. అయితే ఇలాంటి ప్రకటనలు ఏటా రావు. అందాకా చాలామందికి ప్రైవేటు కొలువే ఆధారం.

ఫీజు కట్టే ముందు

డి.ఎం.ఎల్.టి. రెండేళ్ళ డిప్లొమా. పై చదువు కావాలనుకునేవారికి బి.ఎస్సీ. ఎం.ఎల్.టి. ఉంది. ఏది చదివినా ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేయాలంటే రాష్ట్ర పారామెడికల్ బోర్డులో పేరు నమోదై ఉండాలి. గుర్తింపు లేని సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్‌తో ఆ నమోదు దొరకదు. రెండేళ్ళ కాలమూ, అప్పు తెచ్చి కట్టిన ఫీజూ నీళ్ళపాలవుతాయి. డిప్లొమా చేతికి రాగానే సొంత ల్యాబ్ తెరవవచ్చనుకోవడమూ పొరపాటే. దానికి 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

కాలేజీవారి కరపత్రాన్ని నమ్మి సంతకం పెట్టకుండా, బోర్డు జాబితాలో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు ఉన్నాయో లేదో తల్లిదండ్రులు ముందే విచారించుకోవడం మేలు.